దేహానికీ ఒక పద్దుల పుస్తకం

పాల బాకీకి, కిరాణా ఖర్చుకు, చిట్టీ వాయిదాకు ప్రతి ఇంటా పద్దుల పుస్తకం ఉంటుంది. దేహానికి మాత్రం ఉండదు. నర్మెట్టలో నా వద్దకు వచ్చే ఆమ్లపిత్త రోగులలో పలువురు "మందు పని చేస్తలేదయ్యా" అంటారు. మొన్న రాత్రి ఏమి తిన్నారు, ఎప్పుడు నిద్రించారు అని అడిగితే జ్ఞాపకం లేదంటారు. లెక్క లేనిదే లోపం మందుదో, మనదో ఎలా తెలుస్తుంది?

రోగనిర్ణయానికి ఆయుర్వేదం చెప్పిన 5 సాధనాలలో ఉపశయం ఒకటి. ఏ ఆహార విహారాల వలన, ఏ ఔషధం వలన బాధ శమించినదో, దేని వలన హెచ్చినదో పరిశీలించడమే అది. వైద్యుడు రోగిని చూచేది ఏ వారానికో ఒకమారు. రోగి తన్ను తాను నిత్యం చూచుకొంటాడు. కనుక ఆ సాక్ష్యం వ్రాయవలసినవాడు రోగియే.

నోటుబుక్కులో రోజుకు 5 వరుసలు చాలు: మేల్కొన్న వేళ, భోజన వేళలు-పదార్థాలు, మలవిసర్జన, నడక, నిద్ర. చివర ఆనాటి బాధ హెచ్చో, తగ్గో గుర్తించాలి. నియమం తప్పిన నాడు తప్పినదనే వ్రాయాలి; దొంగ లెక్కతో అప్పు తీరదు. నెల తిరిగేసరికి చింతపులుసో, రాత్రి జాగరణో, అసలు దోషి బయటపడవచ్చు. మధుమేహులు రక్తపరీక్ష అంకెను కూడా చేర్చాలి. అంకె తగ్గినదని మాత్రలు తమంతట తాము మానరాదు.

ఆ పుస్తకం చేతబట్టుకొని వచ్చిన రోగి విషయంలో, నాడి పట్టకముందే నాకు సగం సంగతి తెలిసిపోతుంది.