అడిగితే నివేదిక, అడక్కపోతే నేరం

2016 అక్టోబరు 24న బస్తర్‌లో కొన్ని దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. మన రాజకీయాల్లో అది మామూలే. కానీ ఈసారి నిప్పు పెట్టింది యూనిఫాంలో ఉన్న సహాయక పోలీసు సిబ్బంది. బొమ్మలు ఢిల్లీ విశ్వవిద్యాలయ సోషియాలజీ ప్రొఫెసర్ నందినీ సుందర్, పరిశోధకురాలు బేలా భాటియా తదితరులవి. 2011లో తాడ్‌మెట్లలో ఇళ్లు తగలబెట్టిన కేసులో సీబీఐ చార్జిషీటు వేయడం వారి కోపానికి కారణం. ఆ దర్యాప్తుకు సుప్రీంకోర్టు ఆదేశించింది సుందర్ ప్రభృతుల పిటిషన్‌పైనే.

పరిశోధకులంటే అధికారానికి ఎప్పుడూ ఇంత మంటేనా? కాదు. 'ద మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్' (1938) రాసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ అంతకుముందు ఆ సంస్థానానికి పాలనాధికారి. తర్వాత నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ చూశారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆశ్రయించింది. ఆయన సలహాతో ఆదిలాబాద్ గోండులకు బడులు, భూమి పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో ఆ దంపతుల వర్ధంతి ఇప్పటికీ జరుపుతారు. అయితే సర్కారుకు పుస్తకం గుర్తొచ్చింది తుపాకీ పేలిన తర్వాతే.

స్వతంత్ర భారతంలోనూ అడిగి రాయించుకున్న సందర్భాలున్నాయి. తీవ్రవాద ప్రాంతాల సమస్యలపై ప్రణాళికా సంఘం డి. బందోపాధ్యాయ అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది. అందులో మన ఎస్.ఆర్. శంకరన్, కె. బాలగోపాల్‌లతో పాటు బేలా భాటియా కూడా ఉన్నారు. భూమి, అడవి, నిర్వాసితత్వం తేల్చకుండా పోలీసు బలంతో పని జరగదని 2008లో ఆ బృందం చెప్పింది. ఆ భాటియా ఇంటికే 2017 జనవరిలో జగదల్‌పూర్ సమీపంలో ఒక గుంపు వచ్చి, 24 గంటల్లో ఖాళీ చేయమని బెదిరించింది. ఢిల్లీలో నిపుణురాలు, బస్తర్‌లో అవాంఛనీయ వ్యక్తి.

సుందర్ అనుభవం ఇంకా కటువు. బస్తర్ చరిత్రపై ఆమె గ్రంథం 1997లో వచ్చింది. దానితో ఏ ప్రభుత్వానికీ పేచీ రాలేదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆమె, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పేచీ అక్కడ మొదలైంది. అయిదో తరగతి చదువు చాలని, నెలకు 3,000 రూపాయలిచ్చి గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా తుపాకీ పట్టించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పిచ్చారు. రాష్ట్రం వెంటనే కొత్త చట్టం తెచ్చి వారినే సహాయక దళంగా మార్చింది. 2016 నవంబరులో సుందర్‌పై ఏకంగా హత్య కేసు నమోదైంది. 2019లో పోలీసులే ఆమె పేరు తొలగించారు. 2020లో పరిహారం చెల్లించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ చెప్పింది.

పరిశోధకులు విమర్శకు అతీతులు కారు. తాడ్‌మెట్ల పరిసరాల్లోనే 2010 ఏప్రిల్‌లో మావోయిస్టులు 76 మంది జవాన్లను చంపారు. ఆ లెక్కను వదిలేసే పరిశోధన కుంటిదే. కానీ లెక్క తప్పయితే మరో లెక్కతో జవాబు చెప్పాలి. ఎఫ్ఐఆర్‌తో కాదు.

మావోయిజం అంతానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. తుపాకులు ఆగినా ప్రశ్నలు ఆగవు. ఏ ఊళ్లు ఖాళీ అయ్యాయి? ఆ భూములు ఎవరి అనుభవంలో ఉన్నాయి? సల్వాజుడుం కాలంలో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చిన గుత్తికోయలు ఎక్కడివారు? పట్టా అడిగితే పొరుగు రాష్ట్రం వారంటారు. వెనక్కి వెళ్దామంటే ఊరుందో లేదో తెలియదు. పోలీసు క్యాంపు రిజిస్టర్లో ఈ జవాబులు దొరకవు. ఎవరో ఒకరు నోటుపుస్తకం పట్టుకుని గడపగడపకూ వెళ్లాలి. ఆ మనిషిని ఊళ్లోకి రానిస్తారా, స్టేషన్‌కు రమ్మంటారా అన్నదే బస్తర్‌లో శాంతికి అసలు పరీక్ష.