జ్వరం లేదు కదా అని ఊరుకున్నం



సెలవులకు ఊరికి పోయినప్పుడు మా వాడలో పన్నెండు రోజుల బిడ్డ పాలు తాగుడు మానేసింది. ఒళ్లు చల్లగా ఉంది. జ్వరం లేదు కదా అని ఊరుకున్నం, డిగ్రీ చదివే మేం కూడా. నెలలోపు పిల్లలకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒళ్లు కాలాలనే లేదు, చల్లబడొచ్చు కూడా. ఇది మాకు తర్వాతే తెలిసింది. ఏ క్రిమో తేలాలంటే బ్లడ్ కల్చర్ చెయ్యాలి, రెండు మూడు రోజులు పడుతుంది. అరుదైన బ్యాక్టీరియా అని రిపోర్టు వచ్చేసరికి బిడ్డ లేదు.

"మీవాళ్లు లేటుగా తెస్తరు" అన్నరు. వాగు దాటి రావాలె సార్.

ప్రాణహిత అవతల గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ ఊరి ఆడవాళ్లకే నేర్పించి ఇంటి దగ్గరే జెంటామైసిన్ సూది వేయించారు. నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకుపోలేని పరిస్థితిలో ఏఎన్ఎం ఆ సూది వెయ్యొచ్చని 2014లో కేంద్రమే చెప్పింది. అరుదైన క్రిములన్నిటికీ అది పనిచెయ్యదు, ఆ బిడ్డ బతికేదని మేం అనట్లేదు. కానీ మన సబ్‌సెంటర్లలో ఆ మందు అసలు ఉందా? ఈ ఆదివారం ఊరికి పోయేటోళ్లు ఏఎన్ఎమ్మక్కను అడిగి, ఊరి పేరుతో కింద రాయండి. లిస్టు పట్టుకుని ఐటీడీఏకి పోదాం.