90 సెంటీమీటర్లకే ముగిసిపోయే బాల్యం

ఢిల్లీ మెట్రో లెక్కలో బాల్యం ఎత్తు 90 సెంటీమీటర్లు. అంటే మూడడుగులు. అంతకన్నా పొట్టిగా ఉన్న బిడ్డ పెద్దవాళ్లతో కలిసి వస్తే టికెట్ అక్కర్లేదు. ఆ గీత దాటితే మాత్రం పూర్తి చార్జీ కట్టాల్సిందే. కడుపు నిండా తిండి దొరికే ఇంట్లో పెరిగే బిడ్డ సాధారణంగా మూడేళ్లు నిండేలోపే ఈ గీత దాటేస్తుంది. అక్కడి నుంచి నర్సరీకి వెళ్లే పాపకూ, గురుగ్రామ్‌లో లక్షల జీతం తీసుకునే ఉద్యోగికీ ఒకటే చార్జీ. తిండి చాలక ఎదుగుదల ఆగిపోయిన బిడ్డ మాత్రం ఇంకొన్నాళ్లు ఉచితంగా తిరగొచ్చు. దేశ రాజధాని మెట్రో పేద బిడ్డకు ఇస్తున్న ప్రత్యేక రాయితీ ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే.

పిల్లలకు ఏ టికెట్ కొనాలన్నది ఇంటి ఖర్చుల పద్దులో చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఢిల్లీలో, దాన్ని ఆనుకుని ఉన్న నోయిడా, గాజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్‌లలో కూలి చేసుకునే కుటుంబానికి ఆ టికెట్టే బిడ్డ ఏ బడికి వెళ్లాలో, ఏ కాలేజీలో చేరాలో, చివరికి చదువు కొనసాగించాలో మానెయ్యాలో తేల్చేస్తుంది. మనం రిజర్వేషన్ సీట్ల గురించి, ఫెలోషిప్‌ల గురించి, హాస్టళ్ల గురించి పోరాడుతున్నాం. సీటు దాకా వెళ్లే దారి ఖర్చు గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

అసలు ‘పిల్లలు’ ఎవరన్న దానిపైనే మన రవాణా సంస్థలకు ఏకాభిప్రాయం లేదు. రైల్వే వయసు చూస్తుంది. ఐదేళ్లలోపు ఉచితం, ఐదు నుంచి పన్నెండేళ్లలోపు బెర్తు అడగకపోతే సగం చార్జీ. బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ 21 నుంచి పూర్తి చార్జీ. మెట్రో ఎత్తు చూస్తుంది. ఢిల్లీ రవాణా సంస్థ డీటీసీ విద్యార్థి పాస్‌కు విద్యాసంస్థ ధ్రువీకరణ అడుగుతుంది. 2019 అక్టోబర్ 29న మొదలైన పింక్ టికెట్ ఆడపిల్లా కాదా అని చూస్తుంది. ఒకే బిడ్డ ఒకే రోజు, ఒకే బడికి వెళ్తూ ఒక చోట విద్యార్థి, ఇంకో చోట పెద్ద మనిషి అవుతాడు.

వీటిలో తల్లిదండ్రులకు తెలియాల్సిన సదుపాయాలు కొన్ని నిజంగానే ఉన్నాయి. లోకల్ రైలులో ఇంటి నుంచి చదువుకునే చోటుకు వెళ్లడానికి అబ్బాయిలకు పన్నెండో తరగతి వరకూ, అమ్మాయిలకు డిగ్రీ వరకూ సెకండ్ క్లాస్ నెలవారీ సీజన్ టికెట్ ఉచితం. ఫరీదాబాద్, గాజియాబాద్, సోనీపత్ వైపు నుంచి లోకల్ రైళ్లలో వచ్చే పిల్లలకు ఇది పెద్ద ఊరట. డీటీసీ విద్యార్థి పాస్ నెలకు 100 నుంచి 150 రూపాయలే. చదువుకునే ఊరి నుంచి సొంతూరికి వెళ్లే విద్యార్థులకు రైల్వే సెకండ్, స్లీపర్ తరగతుల్లో 50 శాతం రాయితీ ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అది 75 శాతం. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఢిల్లీ వచ్చి చదువుకునే మన పిల్లల్లో ఎంతమంది ఈ 75 శాతాన్ని వాడుకుంటున్నారో ప్రతి విద్యార్థి సంఘమూ వాకబు చేయాలి. ఈ నిబంధనలో ఒక సూత్రం కూడా ఉంది. చదువు ఖర్చులో ప్రయాణం ఒక భాగమని, ఆ భారం అన్ని కులాల మీదా ఒకేలా పడదని భారత ప్రభుత్వం తన రైళ్ల విషయంలో ఎప్పుడో ఒప్పుకుంది. మెట్రో విషయంలో మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఒకసారి లెక్క వేద్దాం. 2025 ఆగస్టు 25 నుంచి ఢిల్లీ మెట్రో చార్జీలు 11 రూపాయల నుంచి 64 రూపాయల వరకూ ఉన్నాయి. 12 నుంచి 21 కిలోమీటర్ల దూరానికి 43 రూపాయలు. రానూపోనూ 86. స్మార్ట్ కార్డు ఉంటే పది శాతం తగ్గి 77 రూపాయల 40 పైసలు. నెలకు 24 రోజులు కాలేజీకి వెళ్తే సుమారు 1,858 రూపాయలు. రద్దీ లేని వేళల్లో ప్రయాణిస్తే ఇంకో పది శాతం తగ్గుతుంది. కానీ తరగతుల వేళలు విద్యార్థి చేతిలో ఉండవు.

ఇప్పుడు స్కాలర్‌షిప్ చూద్దాం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద, ఇంటి నుంచి వచ్చి బీఏ లాంటి మామూలు డిగ్రీ చదివే విద్యార్థికి అకడమిక్ అలవెన్స్ 3,000 రూపాయలు. నెలకు కాదు, ఏడాదికి. పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లకు 2,500. పుస్తకాలు, పెన్నులు, జిరాక్సులు అన్నీ అందులోనే. అంటే ప్రభుత్వం ఏడాదికని ఇచ్చిన డబ్బు మెట్రో గేటు దగ్గర నెలన్నర తిరిగేసరికి హరించుకుపోతుంది. ఇంటికి దగ్గర్లోని సీనియర్ సెకండరీ బడిలో సైన్స్ లేక, ఏడెనిమిది కిలోమీటర్ల అవతలి బడిలో చేరిన పదకొండో తరగతి బిడ్డకు రోజుకు 64 రూపాయలు, కార్డుతో అయితే 57 రూపాయల 60 పైసలు. ఆ బిడ్డ 2,500 రెండు నెలలు కూడా నిలవదు. సైన్స్ మాని ఆర్ట్స్ తీసుకున్న పిల్లలను ‘ఆసక్తి లేదు’ అని రాసుకునే పరిశోధకులు ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి.

మెట్రో ఖరీదైతే బస్సు ఎక్కొచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పాస్ చవకే. బస్సే రాదు. కాగ్ నివేదిక ప్రకారం డీటీసీ బస్సులు 2015-16లో 4,344 ఉంటే 2022-23 నాటికి 3,937కి తగ్గాయి. ఈ మధ్యలో నగరం పెరిగింది, బడిపిల్లలు పెరిగారు. ఈ కొరత అందరికీ సమానంగా తగలదు. 2004లో యమునా పుస్తా బస్తీలను కూల్చినప్పుడు అక్కడి కుటుంబాల్లో కొన్నిటిని బవానా, హోలంబీ కలాన్ లాంటి నగరపు అంచులకు తరలించారు. వాళ్లలో దళిత, ముస్లిం, వలస కార్మిక కుటుంబాలే ఎక్కువ. పనులూ మంచి కాలేజీలూ నగరం నడిబొడ్డున ఉండిపోయాయి. ఊరి చివర వాడ కట్టించడం మనువు నాటి అలవాటు. మహానగరం కూడా ఆ అలవాటు మానలేదు, వాడ దూరాన్ని మాత్రం ముప్పై కిలోమీటర్లకు పెంచింది. దూరాన్ని బట్టి చార్జీ వసూలు చేసే పద్ధతిలో, ఎవరిని దూరంగా నెట్టేశారో వాళ్లే ఎక్కువ కట్టాలి.

ఆడపిల్లల సంగతి ఇంకా చిక్కు. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం, దారిలో వేధింపుల భయం వల్ల అమ్మాయిలు తమకు సీటు వచ్చే మంచి కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీని ఎంచుకుంటున్నారని, భద్రమైన దారి కోసం అబ్బాయిల కన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్నారని చూపించింది. ఆ ఖర్చు పెట్టలేని ఇంటి అమ్మాయికి మిగిలేది ఏమిటి? పింక్ టికెట్ ఆమెకు కొంత దారి తెరిచింది. ఇప్పుడు దానికీ హద్దు గీస్తున్నారు. 2025లో ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించిన సహేలీ స్మార్ట్ కార్డు ఢిల్లీ చిరునామా ఉన్న, 12 ఏళ్లు దాటిన మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు మాత్రమే. ఢిల్లీకి రోడ్డు దాటితే వచ్చే ఖోడా కాలనీ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. లోనీ కూడా అంతే. అద్దె తక్కువని అక్కడ ఉండి ఢిల్లీలో చదువుకునే అమ్మాయి ఈ లెక్కలోకి రాదు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి మునిర్కాలో గది తీసుకున్న అమ్మాయి ఆధార్‌లో సొంతూరి చిరునామానే ఉంటుంది. మన రాష్ట్రాలూ ఇందులో తక్కువేమీ తినలేదు. తెలంగాణ మహాలక్ష్మి, ఆంధ్ర స్త్రీశక్తి కూడా స్థానిక గుర్తింపు కార్డే అడుగుతున్నాయి. చదువు కోసం, పని కోసం రాష్ట్రం దాటిన పేద ఆడపిల్ల ఎక్కడా ‘స్థానికురాలు’ కాకుండా పోతోంది.

మెట్రోలో రాయితీలు వద్దనేవాళ్ల వాదన కొత్తది కాదు. 2019లో మహిళలకు ఉచిత మెట్రో ప్రయాణం ఇవ్వాలని అప్పటి ఢిల్లీ ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు, ‘మెట్రో మ్యాన్’ శ్రీధరన్ దాన్ని వ్యతిరేకిస్తూ ప్రధానికి లేఖ రాశారు. మెట్రో మొదలైనప్పుడే ఎవరికీ రాయితీ ఇవ్వకూడదని నిర్ణయించామని, 2002 డిసెంబర్‌లో ప్రారంభ ప్రయాణానికి ప్రధాని వాజ్‌పేయి కూడా టికెట్ కొన్నారని గుర్తు చేశారు. సాయం చేయాలనుకుంటే ప్రభుత్వం ఆ డబ్బు నేరుగా లబ్ధిదారులకే ఇవ్వాలన్నారు.

ఈ వాదనలో కొంత నిజం ఉంది. సంస్థ అప్పులు తీర్చాలి, రైళ్లు నడపాలి. ఆ భారాన్ని దాని ఖజానా మీదే వదిలేయమని ఎవరూ అడగడం లేదు. కానీ ‘ప్రధాని కూడా కొన్నాడు కాబట్టి అందరూ కొనాలి’ అన్నది సమానత్వం కాదు. అసమానుల్ని సమానంగా చూడటం అసమానతను కొనసాగించడమేనని రిజర్వేషన్ల మీద ప్రతి చర్చలోనూ మనం చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది. ఇక నేరుగా డబ్బు ఇచ్చే మాటకొస్తే, స్కాలర్‌షిప్ విద్యాసంవత్సరం ముగిశాక ఖాతాలో పడటం మన పిల్లలకు అలవాటైన సంగతి. మెట్రో గేటు మాత్రం అప్పు పెట్టదు.

ఒకే దూరానికి అందరు పిల్లలూ ఒకే ధర చెల్లించరని ఈ దేశంలో అంబేడ్కర్ కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. 1901లో చిన్న పిల్లవాడిగా అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరకు బయలుదేరిన ప్రయాణాన్ని ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు. రైలు టికెట్ కొని మసూర్ స్టేషన్‌లో దిగేదాకా ఇబ్బంది లేదు. మహర్ పిల్లలని తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద కదిలారు. ఇవాళ్టి మెట్రోలో ఎవరూ కులం అడగరు, నిజమే. కానీ నగరం చివరికి నెట్టిన వాడ నుంచి బయలుదేరే బిడ్డ ఈ-రిక్షాకు ఒకసారి, బస్సుకు ఒకసారి, మెట్రోకు ఒకసారి కట్టి తరగతికి చేరుతుంది. ఇప్పుడు ఆ అదనపు కిరాయిని ఎవరూ నోటితో అడగరు, అంతే.

రాయితీ అసాధ్యం కాదనడానికి దూరం వెళ్లనక్కర్లేదు. నాగపూర్, పుణె మెట్రోలు విద్యార్థులకు 30 శాతం తగ్గించాయి. వాటిని నడిపే మహా మెట్రోలో కేంద్రానికి సగం వాటా ఉంది, ఢిల్లీ మెట్రోలో ఉన్నట్టే. ముంబైలో 2ఎ, 7 మార్గాల్లో పన్నెండో తరగతి వరకూ విద్యార్థులకు 2023 మే 1 నుంచి 25 శాతం తగ్గింపు ఇచ్చారు. దీక్షాభూమి ఉన్న నాగపూర్‌లో కేంద్రానికి ఇబ్బంది కానిది రాజధానిలో ఎందుకు ఇబ్బందో చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆర్టీసీ అబ్బాయిలకు ఏడో తరగతి వరకూ, అమ్మాయిలకు పదో తరగతి వరకూ ఉచిత పాస్ ఇస్తూ వచ్చింది. ఊరి నుంచి మండల కేంద్రంలోని హైస్కూలుకు ఆ పాస్ మీద వెళ్లి చదువుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇవాళ యూనివర్సిటీల్లో పాఠాలు చెబుతున్నవాళ్లలోనూ ఉన్నారు. లండన్ లాంటి ఖరీదైన నగరంలో కూడా 16 ఏళ్లలోపు పిల్లలకు బస్సులు ఉచితం.

చట్టం కూడా మన వైపే ఉంది. బిడ్డ ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి అడ్డు వచ్చే ఫీజు గానీ ఖర్చు గానీ ఏదీ ఆ బిడ్డ మీద పడకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 3వ సెక్షన్ చెబుతోంది. బడికి వెళ్లే చార్జీ ఖర్చు కాదా? ఆ హక్కు పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే బడి దూరమవుతుంది, చార్జీ పెరుగుతుంది, బిడ్డను పనికి పంపమనే ఒత్తిడి మొదలవుతుంది. రాజ్యాంగంలోని 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీల, ఇతర బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడమని ప్రభుత్వానికి చెప్పింది. ఆ శ్రద్ధ టికెట్ కౌంటర్ దగ్గర కూడా కనిపించాలి.

అందుకే మనం అడగాల్సినవి నాలుగు. ఒకటి, మెట్రోలో పిల్లల్ని ఎత్తుతో కాదు వయసుతో గుర్తించాలి. పన్నెండేళ్ల వరకూ ఉచితం చేయాలి. రెండు, ఆపైన చదువుకునే ప్రతి ఒక్కరికీ సగం చార్జీ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రైల్వేలో ఉన్న 75 శాతమే ఇక్కడా వర్తింపజేయాలి. ఆ తేడాను కేంద్ర, ఢిల్లీ ప్రభుత్వాలు సగం సగం మెట్రోకు చెల్లించాలి. మూడు, అర్హతకు చదువుకునే సంస్థ గుర్తింపు చాలు, ఇంటి చిరునామా అడగకూడదు. ఖోడా అమ్మాయికీ, గుంటూరు అమ్మాయికీ ఒకే నియమం ఉండాలి. నాలుగు, కార్డు అందరు విద్యార్థులకూ ఒకే రంగులో ఉండాలి. గేటు దగ్గర ఎవరి కులమూ, ఎవరి పేదరికమూ బయటపడకూడదు.

2019లో జేఎన్‌యూ హాస్టల్ ఫీజుల పెంపును విద్యార్థులు దేశం ముందు పెట్టి నిలదీశారు. హాస్టల్ సీటు దొరకని వాళ్లు, రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్లే వాళ్లు ఎప్పుడూ ఆ సభల్లో తక్కువగానే కనిపిస్తారు, ఎందుకంటే చివరి బస్సు పోతుంది. వాళ్ల తరఫున ఈ డిమాండ్‌ను ప్రతి క్యాంపస్‌లోని అంబేడ్కరిస్టు సంఘాలు ఎత్తుకోవాలి. ముందు మీ తరగతిలో ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నారో, నెలకు ఎంత కడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. ఆ పక్కనే వాళ్లకు వచ్చే స్కాలర్‌షిప్ రాయండి. ఆ కాగితంతోనే ప్రభుత్వం దగ్గరకు వెళ్దాం.