ఇత్తడి తోముకోండి, నా వంటింట్లో మాత్రం వద్దు

ఈసారి విషయం చూసి ఆశ్చర్యపోకండి. తూటాల గురించి రాస్తున్నాను. తుపాకులు మంచివా చెడ్డవా అన్న వాదన జోలికి వెళ్ళను, ఆ గొడవ వేరు. నాది వంటింటి గొడవ.

మేముండే టెక్సాస్‌లో శనివారాలు షూటింగ్ రేంజికి వెళ్ళే తెలుగు మగవాళ్ళు నాకు తెలిసిన ఇళ్ళలోనే నాలుగైదుగురున్నారు. మావారూ వాళ్ళలో ఒకరు. వెళ్ళి కాల్చి రావడంతో అయిపోతే ఇంత రాయక్కర్లేదు. కాల్చాక మిగిలిన ఖాళీ ఇత్తడి డొల్లలు ఏరి తెచ్చుకుంటారు. వాటిని బాగుచేసి, మళ్ళీ మందు నింపి వాడుకుంటారు. మన దేశంలో ఇది ఇంట్లో చేసే పని కాదు, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం. ఇక్కడ సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అందుకని గ్యారేజీలోనో, కొన్ని ఇళ్ళలో నేరుగా వంటింట్లోనో ఈ పని సాగుతుంటుంది.

పని చూస్తే ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ముందు డొల్లల్ని ఒక్కొక్కటీ వెలుతుర్లో పెట్టి చూస్తారు. మూతి చీలినవి పారేస్తారు. అడుక్కి కాస్త పైన చుట్టూ మెరిసే గీత పడినవీ పారేస్తారు. ఆ గీత పడిందంటే లోపల లోహం పల్చబడిందని అర్థం, తర్వాత కాల్చినప్పుడు అడుగు ఊడిపోవచ్చు. మిగిలినవాటిలోంచి పేలిపోయిన ప్రైమర్ తీసేసి, కడిగి, నూనె లాంటిది రాసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. పొడవు పెరిగినవాటిని కత్తిరిస్తారు. 308 విన్చెస్టర్ డొల్ల 2.015 అంగుళాలు దాటకూడదట, 2.005కి కత్తిరిస్తారు. అంగుళంలో వందోవంతు కోసం కళ్ళద్దాలు సర్దుకుంటూ కూచునే మనిషికి కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఎందుకు తెలియదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు. మన బిందెలు, చెంబుల కుటుంబమే. మనం చింతపండు పెట్టి తోమితే వీళ్ళు సిట్రిక్ యాసిడ్ వేస్తారు, రెండిట్లో పులుపుదే పని. అమ్మోనియా మాత్రం ఇత్తడికి పడదు. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల డొల్లలు వానాకాలంలో పగిలిపోయేవట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్ల అలా జరిగిందని 1921లో తేల్చారు. ఇది మావారు చెప్పిందే, ఇలాంటి కబుర్లు ఆయనకి బాగా గుర్తుంటాయి.

బిందెకీ డొల్లకీ ఉన్న తేడా మసిలో ఉంది. బిందె మీది మసి కట్టెల మసి. డొల్లలోది సీసం కలిసిన మసి. మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు పదార్థం ఉంటుంది. అది పేలాక సీసం డొల్ల లోపలా, ప్రైమర్ కూచునే గుంటలోనూ అంటుకుపోతుంది. మొక్కజొన్న కండెల పొట్టుతోనో వాల్‌నట్ పెంకుల పొడితోనో గంటలకొద్దీ ఊపే యంత్రంలో వేస్తే ఆ మసి దుమ్మై లేస్తుంది. నీళ్ళూ, గిన్నెల సబ్బూ, సన్నటి స్టీలు పుల్లలూ వేసి తిప్పితే దుమ్ము లేవదు గానీ నల్లటి నీళ్ళు మిగులుతాయి. వాటిని ఎక్కడ పారబోస్తారు? చాలా ఇళ్ళలో మెంతికూర కడిగే సింకులోనే. ఏ గిన్నెలో వడకడతారు? బియ్యం వార్చే చిల్లుల గిన్నెలో. ఎక్కడ ఆరబెడతారు? మనం కేకులు చేసే ఓవెన్‌లో, ఆ ట్రేలోనే!

"ఇంత మసికి ఏమవుతుంది, రేంజిలో ఎలాగూ పీలుస్తున్నాంగా" అంటారు. మీరు పీలుస్తున్నారు, అది మీ ఇష్టం. నేల మీద పాకుతూ దొరికినది నోట్లో పెట్టుకునే పసివాడి ఇష్టం ఎవరడిగారు? పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా పరవాలేదు అని చెప్పగల అంకె ఏదీ లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని 2021లో హద్దు ఇంకా తగ్గించింది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని ఈ దేశం 1978లోనే నిషేధించింది. సింధూరంలో సీసం ఉందని మనం కంపెనీ మార్చేస్తాం, పసుపులో కల్తీ ఉందేమోనని భయపడతాం, గ్యారేజీలోంచి నడిచొచ్చే సీసాన్ని మాత్రం "మగవాళ్ళ సరదా" అని వదిలేస్తాం.

నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆ చొక్కా ఉతికేది ఎవరు? ఆ సింకు తోమేది ఎవరు? చెత్త మన చేతిమీదుగా పోతున్నప్పుడు నియమం పెట్టే హక్కు కూడా మనదే. నాకెందుకులే అనుకునే స్నేహితురాళ్ళతో నాకు పేచీ అందుకే. అలాగని మొత్తం మానిపించెయ్యమనే వాళ్ళతోనూ నేను ఏకీభవించను. ఫోను పక్కన పడేసి రెండు గంటలు శ్రద్ధగా ఒక పని చేసే మగాడిని నేనెందుకు ఆపాలి?

మా ఇంట్లో దీనికి మడి పెట్టాను. మా అమ్మమ్మ మడిబట్ట ఎవర్నీ ముట్టనివ్వకపోతే చిన్నప్పుడు విసుక్కునేదాన్ని. వేరే బట్ట, వేరే చెంబు, వేరే చోటు అన్న ఆ పద్ధతే ఇప్పుడు పనికొచ్చింది, కాకపోతే ఇది తిరగేసిన మడి. ఆ బకెట్టు, వడకట్టేది, ట్రే గ్యారేజీ దాటి రావు. యంత్రం మూత ఇంటి బయట, గాలికి ఎదురుగా నిలబడకుండా తీస్తారు. డొల్లలు ఎండకే ఆరతాయి. చొక్కా విప్పి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే లోపలికి. ఆ చొక్కా విడిగా ఉతకడం ఆయన పని. నేల ఊడవడం, మామూలు వాక్యూమ్ పెట్టడం లేదు, దుమ్ము లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడవడమే. మొదట్లో సణిగారు. "నువ్వు మీ అమ్మమ్మని మించిపోయావ్" అన్నారు. పొగడ్త అనే తీసుకున్నాను.

మీ ఇంట్లో ఈ సరదా ఉండి, ఆరేళ్ళలోపు పిల్లలు తిరుగుతుంటే, ఈసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ మాట మీరే చెప్పి రక్తంలో సీసం పరీక్ష రాయమనండి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. వంటింటి ట్రే గ్యారేజీలో కనిపిస్తే దాన్ని కడిగి తెచ్చుకోకండి. అక్కడే వదిలేసి, కొత్తది కొనిపించుకోండి.