కురుమూర్తి ఉద్దాలు

ఆధ్యాత్మిక మేలుకొలుపు అనగానే ఆశ్రమాలూ ప్రవచనాలే గుర్తుకొస్తాయి. ఈ సంచిక మాత్రం పాలమూరు జిల్లా చిన్నచింతకుంట మండలానికి వెళ్లింది. దీపావళి దాటాక అక్కడ కురుమూర్తి స్వామి జాతర. అందులో అసలు సంబురం ఉద్దాల ఉత్సవం. వడ్డెమాన్ గ్రామంలో దళితులు నియమంగా ఉపవాసం ఉండి, తోలు కోసి, కుట్టి, స్వామికి ఉద్దాలు, అంటే పాదరక్షలు, సిద్ధం చేస్తారు. అవి ఊరేగింపుగా కదిలితే చాలు, నెత్తికి తాకించుకోవాలని జనం ఎగబడతారు. తోలు పట్టిన చేతులను తరతరాలుగా ఊరి బయటే ఉంచారు. ఆ చేతిపనికే ఇక్కడ అన్ని కులాల తలలూ వంగుతాయి. నన్ను కదిలించేది ఇదే. మరి జాతర ముగిశాక ఆ గౌరవం ఊళ్లో ఎంతవరకు నిలుస్తోంది? ఆ ప్రశ్నను దాటవేయకుండా, ఉద్దాలు కుట్టేవారి మాటల్లోనే ముఖచిత్ర కథనం ఇస్తున్నాం.