టెస్టింగే కదా అనకండి

"కోడింగ్ రాకపోతే టెస్టింగ్‌లో చేర్పించండి." అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి చెలామణి అవుతున్న మాట ఇది. కొడుకును వెంటబెట్టుకుని ఊరి నుంచి వచ్చిన తండ్రి ఆ మాట నమ్మి ఫీజు కడతాడు. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరాక కూడా అదే మాట, కాస్త మర్యాదగా, వినిపిస్తూనే ఉంటుంది. "డెవలప్‌మెంట్ అయిపోయింది, టెస్టింగే కదా మిగిలింది, రెండు రోజుల్లో కానిచ్చేయండి" అంటారు. నేను నెట్‌వర్క్ డ్రైవర్లను టెస్ట్ చేసే మనిషిని. ఆ మాట విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

నెట్‌వర్క్ కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలబడి మోత మోసే ప్రోగ్రామే డ్రైవర్. మీరు రైలు టికెట్ బుక్ చేసినా, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి ఇరవై రూపాయలు పంపినా ఆ సమాచారం ఎక్కడో ఒక డేటా సెంటర్లో ఒక డ్రైవర్ చేతుల మీదుగా పోవాల్సిందే. ఈరోజు 10 గిగాబిట్ కార్డంటే పాత సరుకు. ఆ పాత కార్డు మీదే 64 బైట్ల చిన్న ఫ్రేములు (డేటా పొట్లాలు) పూర్తి వేగంతో వస్తే సెకనుకు కోటీ 48 లక్షలకు పైనే ఉంటాయి. అంటే ఒక్కోదానికి దొరికే వ్యవధి 67.2 నానోసెకన్లు. ప్రాసెసర్ ఒక్కసారి ప్రధాన మెమరీ దాకా వెళ్లొస్తే ఆ వ్యవధి దాదాపు హరించుకుపోతుంది. అదే కార్డు మీద 1518 బైట్ల పెద్ద ఫ్రేములైతే సెకనుకు 8 లక్షల 12 వేలే. ఆ తేడా తెలియకుండా వేగం కొలిచే ఐపెర్ఫ్ టూల్ ఒక్కటి నడిపి, 9.4 గిగాబిట్లు చూపించింది కాబట్టి పెర్ఫార్మెన్స్ బ్రహ్మాండం అని సంతకం పెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాను. 64 నుంచి 1518 దాకా ఏడు సైజుల్లో కొలవమని 1999లోనే ఆర్‌ఎఫ్‌సీ 2544 అనే ఇంటర్నెట్ పత్రం చెప్పింది. ఏడు సైజులూ కొలుస్తామంటే "అంత టైం ఎక్కడుంది?" అని అడుగుతారు.

వీల్యాన్ సంగతి చూడండి. ఒకే తీగ మీద అకౌంట్స్ విభాగం ట్రాఫిక్‌ను, సీసీ కెమెరాల ట్రాఫిక్‌ను విడివిడిగా నడపడానికి ప్రతి ఫ్రేములో నాలుగు బైట్ల ట్యాగ్ చేరుస్తారు. దాంతో 1518 బైట్ల ఫ్రేము 1522 అవుతుంది. డ్రైవర్ రాసినవాళ్లు గరిష్ఠ పొడవు దగ్గర ఆ నాలుగు బైట్లు లెక్కలో వేసుకోలేదనుకోండి. పింగ్ పోతుంది. లాగిన్ అవుతుంది. పెద్ద ఫైలు కాపీ చేయబోతే మాత్రం కదలదు, ఎర్రర్ కూడా రాదు. ముందు స్విచ్‌ను తిడతారు, తర్వాత అప్లికేషన్ టీమ్‌ను తిడతారు. టెస్టర్ వచ్చి, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్ పెట్టి, 1472 బైట్లతో పింగ్ కొడతాడు. దానికి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిస్తే సరిగ్గా 1500. వీల్యాన్ లేకుండా జవాబు వస్తుంది, వీల్యాన్ మీద రాదు. సైజును నాలుగు బైట్లు తగ్గించి 1468తో కొడితే వీల్యాన్ మీదా వస్తుంది. ఆ క్షణానికి జబ్బు ఎక్కడుందో తేలిపోయినట్టే. ఆ రెండు పింగులు ఏ సైజుతో కొట్టాలో తెలియడానికే ఏళ్ల అనుభవం కావాలి.

ఇది సులువుగా దొరికే రకం. కష్టమైనవి జతల్లో ఉంటాయి. కార్డే ట్యాగ్ ఊడదీసి డ్రైవర్‌కు విడిగా అందించే సదుపాయం ఉంటుంది, అది బాగానే పనిచేస్తుంది. ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజైన ఎంటీయూను మార్చడమూ బాగానే ఉంటుంది. కానీ ఎంటీయూ మార్చినప్పుడు కార్డు రీసెట్ అవుతుంది. అప్పుడు పాత వీల్యాన్ ఫిల్టర్ల జాబితాను మళ్లీ ఎక్కించడం డ్రైవర్ మరిచిపోతే, నిమిషం క్రితం దాకా నడిచిన నెట్‌వర్క్ మూగబోతుంది. ఆన్ చేసుకోనూ ఆఫ్ చేసుకోనూ వీలున్న సదుపాయాలు పది ఉన్నాయనుకుంటే, వాటి కలయికలే 1024. ఏడు ఫ్రేము సైజులతో గుణిస్తే 7168. ఐపీవీ4, ఐపీవీ6 వేరువేరుగా చూస్తే మళ్లీ రెట్టింపు. ఇవన్నీ నడపడం ఎవరి తరమూ కాదు. వీటిలో ఏ నలభై చూస్తే డ్రైవర్ గుట్టు బయటపడుతుందో ఎంచుకోవడమే మా విద్య. కోడ్ రాసేవాడికి తన కోడ్ తెలిస్తే సరిపోతుంది. మాకు కార్డు, కెర్నల్, స్విచ్, ప్రోటోకాల్ నాలుగూ తెలియాలి. కోడింగ్ రానివాళ్లు చేసే పని ఇదేనా?

టన్నెల్ దగ్గరకొస్తే ఇంకా లోతు. వీఎక్స్‌ల్యాన్ అంటే కవరులో కవరు పెట్టి పంపడం. లోపలి ఫ్రేముకు మామూలు ఐపీవీ4 దారిలో 50 బైట్ల అదనపు బరువు పడుతుంది. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7348గా వచ్చిన ఈ పద్ధతి మీదే ఈనాడు ఎన్నో క్లౌడ్‌లు నడుస్తున్నాయి. పై కవరును చూసి ఇది వీఎక్స్‌ల్యాన్ అని కార్డు గుర్తుపట్టేది యూడీపీ పోర్టు నంబరును బట్టి. అధికారికంగా ఇచ్చిన నంబరు 4789. లైనక్స్‌లో వీఎక్స్‌ల్యాన్ అంతకు ముందే వచ్చింది కాబట్టి అక్కడ, మనం వేరే చెప్పకపోతే, 8472 వాడుతుంది. కొన్ని కార్డులు ఒక్క నంబరునే గుర్తుపెట్టుకోగలవు, రెండో నంబరు వస్తే చిక్కే.

ఒకసారి మా బెంచ్ మీద అచ్చంగా ఇదే ఎదురైంది. టన్నెల్ పనిచేస్తోంది, ఫంక్షనల్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేదు. వేగం మాత్రం సగానికి పడిపోయింది, ఒక ప్రాసెసర్ కోర్ నూటికి నూరు శాతం ఉడికిపోతోంది. "పనిచేస్తోంది కదన్నా, రిలీజ్ అయ్యాక చూద్దాం, ఇప్పుడు బగ్ ఓపెన్ చేయకు" అన్నారు. మా టీమ్‌లో ఒకమ్మాయి ఒప్పుకోలేదు. కార్డు లెక్కలు చూపే ఈథ్‌టూల్‌లో కౌంటర్లు ఒక్కొక్కటీ ముందూ వెనకా చూసింది. పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేసే పని, డేటా పాడైందో లేదో చూసే చెక్‌సమ్ లెక్క, రెండూ కార్డు చేయాల్సింది పోయి ప్రాసెసర్ నెత్తిన పడ్డాయని తేల్చింది. రెండో టన్నెల్ వేరే పోర్టు మీద తెరవగానే డ్రైవర్ మొదటి నంబరును కార్డులోంచి చెరిపేస్తోంది. ఎవరూ రాసివ్వని టెస్ట్ అది, తనకు తానుగా అల్లుకుంది. రివ్యూ మీటింగులో మెచ్చుకోలు దక్కింది దాన్ని సరిచేసిన డెవలపర్‌కు. ఆమెకు దక్కిన మాట, గోరంతను కొండంత చేసి రిలీజ్ ఆలస్యం చేసిందని.

ఆ గోరంతలు వదిలేస్తే ఏమవుతుందో లోకానికి తెలిసిన ఉదాహరణలున్నాయి. కంటైనర్లను కలిపే వీఈత్ అనే వర్చువల్ డ్రైవర్, లైనక్స్‌లో ఏళ్లపాటు ఒక పొరపాటును మోసింది. చెక్‌సమ్ ఇంకా సరిచూడని ప్యాకెట్‌కు కూడా సరిచూసినట్టు ముద్ర వేసి లోపలికి పంపేది. దారిలో పాడైన డేటా టీసీపీ కాపలా దాటుకుని నేరుగా అప్లికేషన్ చేతికి వెళ్లేది. 2015లో ట్విట్టర్ ఇంజినీర్లు దాన్ని పట్టుకున్నారు. సరిచేయడానికి కొన్ని లైన్లు తీసేస్తే సరిపోయింది. దాన్ని పట్టే టెస్ట్ ఎంత సాదాదో చూడండి: కావాలని చెక్‌సమ్ చెడగొట్టిన ఒక ప్యాకెట్ పంపి, అది అవతల ఆగిందా లేదా అని చూడడమే. చెడ్డ ప్యాకెట్‌ను తయారుచేసి పంపాలన్న ఆలోచన కోడ్ రాసేవాళ్లకు సహజంగా రాదు. మాకు అదే వృత్తి.

2020లో కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ వాడేవాళ్లు, దాని నెట్‌వర్క్ పొర ఫ్లానెల్ తాలూకు వీఎక్స్‌ల్యాన్ మీద ఇంకో వింత చూశారు. కొన్ని కనెక్షన్లు కలవడానికి సరిగ్గా 63 సెకన్లు పట్టేది. 1, 2, 4, 8, 16, 32 సెకన్ల చొప్పున ఆగి ఆగి మళ్లీ ప్రయత్నిస్తే కూడిక అంతే వస్తుంది. కూపీ లాగితే, సున్నాగా వదిలేయాల్సిన పై కవరు యూడీపీ చెక్‌సమ్‌ను చిరునామా మార్చే దశలో కెర్నల్ కదిలించి తప్పు లెక్క వేస్తోంది. కెర్నల్‌లో సరిచేసేదాకా చాలామంది చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ఆ లెక్కను కార్డుకు అప్పగించడం) ఆపుకుని నెట్టుకొచ్చారు.

లైనక్స్ కెర్నల్ సమాజం ఒక మంచి పని చేసింది. ప్రతి మార్పు కింద రాసినవాళ్ల పేరుతో పాటు, టెస్ట్ చేసినవాళ్ల పేరు వేయడానికి 'టెస్టెడ్-బై' అని ఒక వరుస పెట్టింది. ఆ చరిత్ర చెరిగిపోదు, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఈథర్నెట్ డ్రైవర్ల మార్పుల కింద ఆ వరుసలో మన తెలుగు ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చూస్తే గుండె ఉప్పొంగుతుంది. వాటిలో కొన్నింటి పక్కనే బ్రాకెట్లలో, ఈ మనిషి తాత్కాలిక ఉద్యోగి అని కూడా రాసి ఉంటుంది. ప్రపంచమంతటి సర్వర్లలో నడిచే కోడ్‌కు పూచీ ఉండడానికి ఆ సంతకం పనికొచ్చింది. పర్మనెంట్ ఉద్యోగానికి ఎందుకు పనికిరాలేదు?

మేనేజర్లకు నా విన్నపం. టెస్టింగ్‌కు ఎన్ని రోజులు కావాలో మమ్మల్ని అడిగి వేయండి, డెవలప్‌మెంట్ తినగా మిగిలిన రోజులు మా మొహాన కొట్టకండి. డెమో ఉందని మా బెంచ్ మీది సర్వర్లు పట్టుకుపోకండి, ఆ కేబుళ్లు, ఆ కార్డులు, ఆ ఫర్మ్‌వేర్ వెర్షన్లు మళ్లీ అలాగే అమర్చడానికి రోజులు పడుతుంది. రిలీజ్‌ను ఆపిన బగ్‌ను అప్రైజల్‌లో తప్పుగా రాయకండి, పనిగా రాయండి. డెవలపర్ మిత్రులారా, మీ కోడ్ విరిగిందని మేం చెబితే మీ మీద కక్షతో చెప్పడం లేదు, ఆ కోడ్‌ను మీ తర్వాత అంత శ్రద్ధగా చదివేది మేమే. కోచింగ్ సెంటర్ల వాళ్లూ, పిల్లలకు ఈ పని నేర్పితే ఏమీ రానివాళ్ల చోటని చెప్పి నేర్పకండి. ఇక కంపెనీల వాళ్లూ, వచ్చే రిలీజ్ నోట్స్‌లో డ్రైవర్ రాసినవాళ్ల పేర్ల కిందే దాన్ని విరగ్గొట్టి చూసినవాళ్ల పేర్లు కూడా వేయండి, కాంట్రాక్టు వాళ్లవైనా సరే, పక్కన ఏ బ్రాకెట్టూ లేకుండా.