ప్రమేయము, గవాక్షము – కంప్యూటరు బోధనపై ఒక ప్రతిపాదన

ప్రదేశములోని ప్రతి మూలకమునకు సహప్రదేశములో ఒకే ఒక మూలకము జోడుగా ఉండవలెను. ఇంటర్మీడియట్ గణితములో ప్రమేయమునకు ఇచ్చు నిర్వచనము ఇది. పరీక్ష ముగియగానే చాలమంది మరచిపోవు ఈ నిర్వచనము కంప్యూటరు తెరపై గవాక్షములను, మీటలను, జాబితాలను నిలబెట్టగలదనియు, కావున మన కళాశాల కంప్యూటరు తరగతిలో దానికి చోటు ఉండవలెననియు మా అభిప్రాయము. భాషాబోధకులకు ఈ విషయముతో పని ఏమని కొందరు అడుగవచ్చును. ప్రోగ్రామింగు కూడ భాషయే. దానికిని వ్యాకరణము కలదు. పైగా తెలుగును ఉర్దూను ఒకే కప్పు క్రింద నేర్పు సంస్థలో, తెరపై అక్షరము ఎట్లు కనబడునన్నది భాషాధ్యాపకులకు పరాయి విషయము కాజాలదు.

వ్యాకరణమునుండియే ఉదాహరణము చెప్పుదుము. ఉత్వసంధి నిత్యము. 'రాముడు', 'అతడు' అను పదములను ఆ సూత్రమునకు అందించినచో 'రాముడతడు' అనియే వచ్చును. ఉదయము అడిగినను సాయంత్రము అడిగినను, తణుకులో అడిగినను ఏలూరులో అడిగినను ఫలితము మారదు. ఇదియే ప్రమేయ లక్షణము. 'ఏమి', 'అంటివి' అన్నచో 'ఏమంటివి' అనియు 'ఏమియంటివి' అనియు రెండు రూపములు వచ్చును. వైకల్పికమైన ఆ సంధి ఈ అర్థములో ప్రమేయము కాదు. ప్రోగ్రామును వీలైనంతవరకు మొదటి రకపు సూత్రములతోనే నిర్మింపుమని చెప్పు భాషలను ఫంక్షనల్ భాషలు, అనగా ప్రమేయ భాషలు అందురు.

1930 దశకములో అలోంజో చర్చి లాంబ్డా కలనమును రూపొందించెను. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషకు శ్రీకారము చుట్టెను. నేటి హాస్కెల్, ఓకామెల్, ఎఫ్ షార్ప్, రాకెట్ భాషలు ఆ ఆలోచన సంతతివే. ఆ మెకార్తీ వద్దనే, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డిగారు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో పరిశోధన చేసి, 1966లో డాక్టరేటు పొంది, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. మనకు సమీపమున నూజివీడులో ఆవరణ గల రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి వారే. కనుక ఈ విద్య తెలుగువారికి ఎరుగని చుట్టమేమియు కాదు.

ఇక తెర సంగతి. గ్రంథాలయపు బల్లమీద నడువదగిన ఒక చిన్న ప్రోగ్రామును ఊహింతము. ఒకవైపు ఒక విద్యార్థికి ఇచ్చిన పుస్తకముల జాబితా, పైన వాని సంఖ్య, క్రింద 'ఇచ్చితిమి', 'తిరిగి వచ్చినది' అను రెండు మీటలు. సామాన్య పద్ధతిలో ప్రతి మీటకు ఒక ఆజ్ఞావళి వ్రాయుదురు: జాబితాలో ఒక వరుస చేర్చుము, సంఖ్యను ఒకటి పెంచుము, నాలుగు నిండినచో మొదటి మీటను మూయుము. ఆరు నెలలకు మరియొకరు వచ్చి 'పుస్తకము పోయినది' అను మూడవ మీటను చేర్చుదురు. వారు జాబితాలో వరుసను తీసివేయుదురు గాని సంఖ్యను తగ్గించుట మరతురు. అప్పుడు జాబితాలో పుస్తకములు మూడు, పైన సంఖ్య నాలుగు! విద్యార్థికి న్యాయముగా రావలసిన పుస్తకము రాదు. తప్పు ఎచ్చట నున్నదో తెలియుటకు ప్రతి మీట వెనుకను త్రవ్వవలెను.

ప్రమేయ పద్ధతిలో దాచుకొనవలసినది ఒక్కటే: ఎవరికి ఏ పుస్తకము ఇచ్చినామను పట్టిక. దానిని 'స్థితి' అందుము. ఆ పైన రెండు ప్రమేయములు. మొదటిది పాత స్థితిని, జరిగిన సంఘటనను తీసికొని క్రొత్త స్థితిని ఇచ్చును. రెండవది స్థితిని తీసికొని తెర యెట్లుండవలెనో చెప్పును. సంఖ్యను ఎచ్చటను వ్రాసి ఉంచరు. పట్టికనుండి లెక్కించి చూపుదురు. మీట తెరచి యుండవలెనా మూసి యుండవలెనా అన్నదియు ఆ లెక్కనుండియే తేలును. మూడవ మీటను ఎవరు చేర్చినను పట్టిక సరిగా మారిన చాలును. తక్కినవన్నియు దాని వెంట నడుచును. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులెన్ని వచ్చి చేరినను సరస్సు ఒక్కటే. ఊరూరా ఒక్కొక్క నీటిమట్టమును వ్రాసికొని తమదే నిజమనుకొన్నచో వరదనాడు ఏమగునో ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రమేయము దేనినీ మార్చదు గదా, మరి తెర ఎట్లు మారునని విద్యార్థులు అడుగుదురు. మంచి ప్రశ్న. ఆ పని భాషతో వచ్చు యంత్రాంగము చూచుకొనును. అది స్థితిని తన చేత నుంచుకొని, సంఘటన జరిగినప్పుడెల్ల మన ప్రమేయమును పిలిచి, వచ్చిన క్రొత్త స్థితిని బట్టి తెరను మరల గీయును. రాకెట్ భాషతో లభించు 'డాక్టర్ రాకెట్' అను సాధనములోని 'బిగ్ బ్యాంగ్' ఏర్పాటు సరిగా ఇట్టిదే. మౌసుకు ఒక ప్రమేయము, కీబోర్డుకు ఒకటి, గడియారమునకు ఒకటి, గీయుటకు ఒకటి. వీనిని గవాక్షము తెరువకయే పరీక్షింపవచ్చును. పాత స్థితిని, సంఘటనను కాగితముపై వ్రాసి, ఫలితమేమని తోటివానిని అడుగవచ్చును. యంత్రములు తక్కువ, విద్యార్థులు ఎక్కువ అయిన తరగతిలో ఇది చిన్న లాభము కాదు.

ఈ మార్గము ఒక్కనాట ఏర్పడినది కాదు. 1993లో స్వీడను దేశపు చాల్మర్స్ విశ్వవిద్యాలయములో మాగ్నస్ కార్ల్‌సన్, థామస్ హాల్‌గ్రెన్ అనువారు హాస్కెల్ భాషలో గవాక్షములు నిర్మించుటకు 'ఫడ్జెట్స్' అను పరికరమును ప్రకటించిరి. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ అనువారు తెరపై కదలు బొమ్మను కాలముయొక్క ప్రమేయముగా భావించి 'ఫ్రాన్' అను పద్ధతిని చూపిరి. 2012లో ఇవాన్ చాప్లిట్స్కీ హార్వర్డులో తన సిద్ధాంత వ్యాసముగా ఎల్మ్ భాషను వెలువరించెను. అది బ్రౌజరుకు ఉద్దేశింపబడినదైనను, మేము పైన చెప్పిన స్థితి, సంఘటన, దృశ్యము అను అమరిక ఎల్మ్ వలననే ప్రఖ్యాతి పొంది, ఎఫ్ షార్ప్ ద్వారా డెస్కుటాపునకును వచ్చినది.

మన రెండు లిపుల విషయములో ఈ అమరికకు మరియొక ప్రయోజనము కలదు. తెలుగు ఎడమనుండి నడుచును, ఉర్దూ కుడినుండి నడుచును; ఉర్దూ వాక్యము నడుమ వచ్చు అంకెలు మరల ఎడమనుండి నడుచును. భాష ఏదన్నది స్థితిలో ఒక అంశమైనచో, మీట నొక్కగానే శీర్షిక, జాబితా, మీటలు అన్నియు ఒకే ప్రమేయమునుండి తిరిగి వచ్చును. సగము ఒక భాషలో, సగము మరియొక భాషలో మిగులు తెర ఉండదు. అయితే అక్షరములను కూర్చు పని క్రింది పొరలది. దానికి ప్రమేయ భాష పూచీ పడదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరమునకు సంబంధించిన ఒక సంకేతముల వరుస తెరపైకి రాగానే ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కూలిపోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే సవరణ నిచ్చినది. కాని మన అక్షరములను తెరపై నిత్యము పరీక్షించువారు మనలోనుండియే రావలెనన్న పాఠము మిగిలినది.

దీనికి ఎదురు వాదములు లేకపోలేదు. ఉద్యోగ ప్రకటనలలో జావా, పైథాన్ పేర్లే కాని రాకెట్ పేరు కనబడదన్నది మొదటిది. నిజమే. కాని 2013లో ఫేస్‌బుక్ బహిరంగపరచిన రియాక్ట్, 2019లో ఆపిల్ ప్రకటించిన స్విఫ్ట్ యూఐ – రెండును తెరను స్థితినుండి రాబట్టు పద్ధతినే అవలంబించినవి. మూలము తెలిసినవానికి పేరు మారిన తడబాటు ఉండదు. ప్రమేయ భాషలలో గవాక్షములకు సిద్ధపరికరములు తక్కువ, వివరణలు చాలవరకు ఆంగ్లములో నున్నవన్నది రెండవది. ఇదియు నిజమే. అందుచేతనే జావా, పైథాన్ తరగతులను తొలగింపుమని మేము కోరుటలేదు; వాని ప్రక్కన ఒక పీట వేయుమని మాత్రమే కోరుచున్నాము.

కమిటీ పెద్దలకు మా విన్నపము ఇది. వచ్చు విద్యాసంవత్సరములో ఒక అర్ధసంవత్సరము, వారమునకు రెండు గంటలు, ఐచ్ఛికముగా ఈ తరగతిని అనుమతింపుడు. డాక్టర్ రాకెట్ ఉచితము. ఒకసారి యంత్రములో చేర్చిన పిదప ఇంటర్నెట్ లేకున్నను పని చేయును. బోధనలో సందేహము వచ్చినచో, తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అధ్యాపకుల సలహా కోరవచ్చును.

విద్యార్థులారా! ప్రాక్టికల్సు దినమున ఆజ్ఞావళిని కంఠస్థము చేసి అప్పగించుటతో కంప్యూటరు విద్య ముగియదు. వ్రాసినవాడు తన తెరపై ప్రతి అంకెకును కారణము చెప్పగలుగవలెను. తరగతి ముగియునాటికి తెలుగు, ఉర్దూ రెండింటను నడుచు ఇచ్చుపుచ్చుకోలు పట్టికను మన గ్రంథాలయమునకు మీరే వ్రాసి ఇండు. జాబితాను సంఖ్యను సరిచూచి లోపము పట్టుపనిని మా వంటి అధ్యాపకులకు విడువుడు.